సహోదరులను తిరిగి కూర్చిన దొర
కౌంటు జింజెండార్ఫ్ జీవితము

ధ్యాన వాక్యములు: గలతీయులకు 6:1–5, మత్తయి 18:15–20



చెరువు గట్టుకు గండి పడినప్పుడు రైతు ఏమి చేయును? అర్ధరాత్రియైనను లాంతరు పట్టుకొని, భుజమున పార వేసికొని గండి పడిన చోటికి పోవును. గట్టును తిట్టుచు ఇంటి అరుగు మీద కూర్చుండడు. అయితే సంఘములో ఒక సహోదరుడు జారిపడినప్పుడు, రెండు ఇండ్లవారు మాటలు మానుకొన్నప్పుడు మనము చేయుచున్నదేమి? ఆ సంగతి అరుగుల మీద చెప్పుకొందుము గాని పార పట్టుకొని పోము.

గలతీయ సంఘమునకు పౌలు వ్రాసిన పత్రికలో ఆరవ అధ్యాయపు మొదటి వచనమును తెరచి చూడుడి. అందులో మూడు సంగతులు కనబడును. తప్పిపోయినవానిని దారికి తెచ్చుట ఆత్మసంబంధుల పని. ఆ పనిని సాత్వికముతో చేయవలెను. చేయువాడు తన విషయమై తాను జాగ్రత్తగా ఉండవలెను. దారికి తెచ్చుట అనుటకు పౌలు వాడిన గ్రీకు మాట, జెబెదయి కుమారులు దోనెలో కూర్చుండి వలలు బాగుచేసికొనిరని మార్కు వ్రాసిన చోట ఉన్న మాటయే. చినిగిన వలను జాలరి పారవేయడు. ఒక్కొక్క కన్నును వెదకి దారముతో అల్లును. సంఘమును అట్లు అల్లిన ఒక మనుష్యుని జీవితమును ఈ నెల మేము మీ ముందు ఉంచుచున్నాము. అతడు గొప్ప జమీందారు. అయినను చినిగిన వల యొద్ద నేలమీద కూర్చుండుటకు సిగ్గుపడలేదు.

బాల్యము

నికోలాస్ లుడ్విగ్ జింజెండార్ఫ్ 1700వ సంవత్సరము మే 26న జర్మనీ దేశములోని డ్రెస్డెన్ పట్టణములో జన్మించెను. కౌంటు అనునది వారి వంశపు బిరుదు. మన దేశములో జమీందారు వంటిది. తండ్రి సాక్సనీ ఆస్థానములో పెద్ద ఉద్యోగి. బిడ్డ పుట్టిన ఆరు వారములకే ఆయన చనిపోయెను. తల్లి కొన్నేండ్లకు మరల వివాహము చేసికొని వెళ్లగా బాలుడు అమ్మమ్మ యొద్ద పెరిగెను. ఆమె పేరు హెన్రియెట్టా గెర్స్‌డార్ఫ్. ఆమె చదువుకొన్న స్త్రీ, ప్రార్థనాపరురాలు. ఆ కాలమందు జర్మనీ సంఘములలో ఉజ్జీవము కలిగించిన స్పేనర్ అను బోధకుడు ఆమెకు స్నేహితుడు, ఈ బాలునికి జ్ఞానపితయు ఆయనయే.

పదియవ యేట బాలుని హాలె పట్టణములో ఫ్రాంకే బోధకుడు నడుపుచున్న పాఠశాలకు పంపిరి. అక్కడ ఫ్రాంకేగారి భోజనపు బల్ల యొద్ద అతడు మన దేశమును గూర్చి వినెను. 1706లో తరంగంబాడికి వచ్చిన జీగెన్‌బాల్గ్, ప్లూచౌ అను మిషనరీల సమాచారములు ఆ యింటికి వచ్చుచుండెడివి. తెలుగు క్రైస్తవులమైన మనకును హాలెతో బంధుత్వము కలదు. అక్కడి మిషను పంపిన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో తెలుగు నేర్చి, వేదమును మన భాషలోనికి తిప్పుటకు పూనుకొనెను. ఆయన వ్రాసిన కొన్ని చిన్న తెలుగు పుస్తకములు 1740 తరువాత హాలెలోనే అచ్చయినవి. ఆ బల్ల యొద్ద కూర్చున్న జింజెండార్ఫ్ తన స్నేహితులతో కలిసి, ఎల్లవారిని ప్రేమింతుమనియు సువార్తను దూరదేశములకు పంపుదుమనియు తీర్మానించి, ఆవగింజ పేరిట ఒక చిన్న జట్టు కట్టెను. బాలుర ఆటవలె కనబడిన ఆ మాటను అతడు తుదివరకు మరువలేదు.

కుటుంబమువారు అతనిని బోధకుడు కానియ్యలేదు. దొరబిడ్డ దొరతనపు కొలువులోనే ఉండవలెనని విటెన్‌బర్గులో న్యాయశాస్త్రము చదివించిరి. 1719లో దేశ సంచారము చేయుచు డ్యూసెల్‌డార్ఫ్ పట్టణపు చిత్రశాలలో ముండ్ల కిరీటము ధరించిన క్రీస్తు పటమును చూచెను. నీ కొరకు నేను ఇంత చేసితిని గదా, నీవేమి చేసితివని ఆ పటము క్రింద అడిగినట్లు వ్రాయబడియుండెను. యౌవనుని హృదయము కరగెను. అయినను రెండేండ్ల తరువాత డ్రెస్డెనులో రాజుగారి న్యాయాలోచనకర్తగా ఉద్యోగములో చేరెను. దేవుడు అతనిని వేరొక పనికి సిద్ధపరచుచుండెను.

ఆశ్రయము కోరిన వడ్రంగి

1722లో జింజెండార్ఫ్ అమ్మమ్మ యొద్ద బెర్తెల్స్‌డార్ఫ్ అను గ్రామపు భూమిని కొనెను. ఆ సంవత్సరమే ఎర్డ్‌మూతె డొరొతెయ అను భక్తురాలిని వివాహమాడెను. ఆ దినములలో పొరుగునున్న మొరేవియా దేశమునుండి క్రిస్టియన్ డేవిడ్ అను వడ్రంగి ఆయన యొద్దకు వచ్చి, హింస పొందుచున్న కొన్ని కుటుంబములకు నిలువ నీడ కావలెనని అడిగెను.

వీరెవరు? 1415లో సత్యము నిమిత్తము అగ్నిలో కాల్చబడిన జాన్ హస్ అనుచరుల సంతతివారు. 1457లో వారి పితరులు సహోదరుల సమాజమను పేరుతో ఒక సంఘముగా ఏర్పడిరి. 1620లో యుద్ధమందు ఓటమి కలుగగా వారి సంఘములు మూయబడెను, పుస్తకములు కాల్చబడెను. నూరేండ్లు వారు చాటుగా ప్రార్థించుకొనుచు, పిల్లలకు రహస్యముగా నేర్పుకొనుచు వచ్చిరి. ఇప్పుడు ఇండ్లు వాకిళ్లు విడిచి, కట్టుబట్టలతో రాత్రివేళ కొండలు దాటి వచ్చిరి.

1722 జూన్ 17న క్రిస్టియన్ డేవిడ్ గొడ్డలి పట్టి ఆ బీడు భూమిలో మొదటి చెట్టును నరికెను. అక్కడ లేచిన ఊరికి హెర్న్‌హూట్ అని పేరు పెట్టిరి. ప్రభువు కాపుదల అని ఆ పేరునకు భావము.

గండి పడిన ఊరు

ఐదేండ్లలో ఆ ఊరి జనము దాదాపు 300 అయ్యెను. మొరేవియావారు మాత్రమే కాదు. లూథరన్ సంఘమువారు, కాల్విన్ బోధను అనుసరించువారు, ఏ సంఘమును వద్దనువారు, తమ తమ చోట్ల ఇమడనివారు అందరును అక్కడ చేరిరి. అందరును హింసపడినవారే, అందరును వేదము చదువువారే. అయితే బాధ పడినంత మాత్రమున మనుష్యుడు ప్రేమ నేర్చుకొనడు. హింసలో గట్టిపడిన హృదయము ఒక్కొక్కప్పుడు సహోదరుని యెదుట కూడ గట్టిగానే ఉండును.

కొందరు గ్రామపు దేవాలయమునకే పోవలెననిరి. కొందరు తమ పితరుల క్రమమే కావలెననిరి. ఆరాధన ఎట్లు జరుగవలెను, ప్రభు భోజనము ఎట్లు తీసికొనవలెను అనుదాని మీద ఒకరినొకరు దూషించుకొనిరి. ఈ స్థితిలో క్రూగర్ అను ఒకడు వచ్చి మంటకు నూనె పోసెను. ప్రకటన గ్రంథములోని మృగము జింజెండార్ఫే అనియు, అబద్ధ ప్రవక్త బెర్తెల్స్‌డార్ఫ్ కాపరియైన రోతే అనియు అతడు బోధించెను. తమకు భూమి ఇచ్చి, కలప ఇచ్చి నిలువ నీడ చూపినవానినే క్రీస్తు విరోధి అనిరి. మొదటి చెట్టు నరికిన క్రిస్టియన్ డేవిడ్ సహితము ఆ బోధలో కొట్టుకొనిపోయెను. క్రూగర్ తుదకు మతి చెడి ఊరు విడిచిపోయెను గాని అతడు నాటిన ముండ్లు ఊరిలోనే నిలిచెను.

ప్రియులారా, ఇక్కడ కొంచెము ఆగుదము. జింజెండార్ఫ్ స్థలములో మనముండిన ఏమి చేసియుందుము? భూమి ఆయనది. చట్టము ఆయన పక్షమున ఉన్నది. ఒక్క ఆజ్ఞ వ్రాసి, నా నేల విడిచి పొండని వారిని తరిమివేయగలడు. న్యాయశాస్త్రము చదివినవాడు గనుక అది ఎట్లు చేయవలెనో ఆయనకు బాగుగా తెలియును.

ఆయన అట్లు చేయలేదు. 1727 వసంతకాలములో కొలువునకు సెలవు పెట్టి హెర్న్‌హూట్‌కే వచ్చి నివసించెను. పిలువనంపక, తానే ఒక్కొక్క ఇంటికి పోయెను. నేతగాని ఇంటను, వడ్రంగి ఇంటను కూర్చుండి, వారితో వేదము చదివి, వారి ఫిర్యాదులు విని, వారితో ప్రార్థించెను. తన్ను మృగమన్న ఇండ్ల గడపలను కూడ ఆయన తొక్కెను. మత్తయి పదునెనిమిదవ అధ్యాయములో ప్రభువు చెప్పిన మొదటి మెట్టు ఇదియే: ముందు సభ కాదు, పంచాయతి కాదు, తప్పు చేసినవాని యొద్దకు ఒంటరిగా పోవుట. మనలో అనేకులము మూడవ మెట్టునుండి ఆరంభింతుము, అందువలననే వల చినిగిపోవును.

మే 12న ఆయన అందరిని సమకూర్చి, విభేదము ఎంత పాపమో మూడు గంటలసేపు బోధించెను. పిమ్మట ఊరి కట్టుబాట్లను, 42 అంశములుగల సహోదర ఒడంబడికను వారి ముందుంచెను. దాని సారమేమనగా, క్రీస్తునందు విశ్వాసముగలవారు ఏ సంఘమునకు చెందినవారైనను వారిని ప్రేమించుట, వారికి తీర్పు తీర్చకుండుట, తాము మాత్రము సువార్త సత్యమందు నిలిచియుండుట. ఆ దినమున వారందరు చేతులు కలిపి తాము ప్రభువునకే చెందుదుమని ఒప్పుకొనిరి. తమ కలహములకు సిగ్గుపడిరి.

అదే దినమున పండ్రెండుగురు పెద్దలను ఏర్పరచుకొనిరి. వారిలో నలుగురిని చీట్లువేసి ముఖ్యులనుగా చేసిరి. ఆ నలుగురిలో ఒకడు ఎవరో తెలియునా? క్రూగర్ బోధలో కొట్టుకొనిపోయిన క్రిస్టియన్ డేవిడే. తప్పిపోయి తిరిగి వచ్చినవానిని వెనుక బెంచీ మీద కూర్చుండబెట్టలేదు. మందను కాయు కర్రను మరల అతని చేతికిచ్చిరి. ముమ్మారు ఎరుగనని బొంకిన పేతురునకు ప్రభువు సముద్రతీరమున చేసినదియు ఇదియే గదా. క్షమించితిమని చెప్పి, పాత తప్పును జేబులో దాచుకొని, అవసరమైనప్పుడు బయటికి తీయుట క్షమాపణ కాదు.

ప్రభువు బల్ల యొద్ద

చేతులు కలిపినంతమాత్రమున పని ముగియలేదు. ఆ వేసవి అంతయు వారు చిన్న చిన్న జట్లుగా కూడుకొనిరి. పురుషులు పురుషులతో, స్త్రీలు స్త్రీలతో కూర్చుండి, ఒకరి తప్పిదములు ఒకరితో ఒప్పుకొని ప్రార్థించుకొనుచుండిరి. రోగులను చూచుటకు కొందరిని, బీదలను విచారించుటకు కొందరిని, మెల్లగా బుద్ధి చెప్పుటకు కొందరిని నియమించిరి. గండిలో ఒక్క గంప మన్ను వేసిన చాలదు, తొక్కి తొక్కి గట్టిచేయవలెను.

1727 ఆగస్టు 13 బుధవారమున వారందరు బెర్తెల్స్‌డార్ఫ్ దేవాలయమునకు ప్రభు భోజనము కొరకు పోయిరి. ఆనాడు వారి హృదయములు విరిగెను. ఒకప్పుడు ఒకరి ముఖమొకరు చూడనివారు ఏడ్చుచు కౌగిలించుకొనిరి. దేవుని ఆత్మ తమ మీదికి దిగినట్లు ఎరిగిరి. ఆరాధన ముగిసినను వారు విడిపోలేకపోయిరి. అది చూచి జింజెండార్ఫ్ తన వంటశాలనుండి వారి ఇండ్లకు భోజనము పంపెను. ఏడు జట్లుగా కూర్చుండి కలిసి భుజించిరి. మొరేవియన్ సంఘములు నేటికిని ఆచరించు ప్రేమవిందునకు మొదలు ఇదియే.

ఇచ్చట ఒక సంగతి గమనింపుడి. ఉజ్జీవము మొదట వచ్చి సమాధానము తరువాత రాలేదు. మే నెలలో చేతులు కలిపిరి, ఆగస్టులో ఆత్మ కుమ్మరింపబడెను. బలిపీఠము యొద్ద అర్పణము విడిచి ముందు సహోదరునితో సమాధానపడుమని ప్రభువు చెప్పిన క్రమము ఇదియే. ఉజ్జీవ కూటములకు పందిళ్లు వేయుదుము, దూరమునుండి బోధకులను పిలుతుము. పొరుగింటి తలుపు తట్టుటకు మాత్రము వెనుకాడుదుము.

ఆగస్టు 27న 24 మంది పురుషులును 24 మంది స్త్రీలును గంటకొకరు చొప్పున రాత్రింబగళ్లు ప్రార్థించుటకు ఒప్పుకొనిరి. ఆ ప్రార్థన గొలుసు నూరేండ్లకు పైగా తెగలేదు. 1728లో ప్రతి దినమునకు ఒక వాక్యమును ఇంటింటికి పంపుట ఆరంభించిరి. ఆ దినవాక్యముల పుస్తకము 1731 మొదలు నేటివరకు ఏటేట అనేక భాషలలో అచ్చగుచున్నది. 1732 ఆగస్టులో డోబర్ అను కుమ్మరియు, నిట్ష్‌మాన్ అను వడ్రంగియు వెస్టిండీసులోని సెయింట్ థామస్ ద్వీపములోని బానిసల యొద్దకు బయలుదేరిరి. మరుసటి యేట కొందరు గ్రీన్‌లాండు మంచు దేశమునకు పోయిరి. ఇంతకు ఐదేండ్ల క్రిందట వీరు ఒక ఊరిలో కలిసి బ్రదుకలేకపోయినవారని తలంపునకు తెచ్చుకొనుడి.

ఆయన లోపములు

భక్తుల చరిత్ర వ్రాయునప్పుడు వారి లోపములను దాచుట మంచిది కాదు. వేదము దావీదు పాపమును దాచలేదు.

జింజెండార్ఫ్ ఆవేశపరుడు. 1734లో బోధక పరిచర్యలో ప్రవేశించి, 1737లో బిషప్పు ఆయెను. సాక్సనీ ప్రభుత్వము ఆయనను 1736లో దేశమునుండి వెళ్లగొట్టగా పదకొండేండ్లు పరదేశిగా తిరిగెను. 1739లో సెయింట్ థామస్ ద్వీపమునకు పోయి, చెరసాలలోనున్న తన మిషనరీలను విడిపించెను. అయితే ఆ బానిసలకు క్రీస్తును చూపిన ఆయన, వారి సంకెళ్లు తప్పని చెప్పలేదు. ఆ దాస్యమునకు లోబడియుండుడనియే బోధించెను. బల్ల యొద్ద సహోదరుడన్నవానిని బల్ల దిగిన వెంటనే దాసునిగా ఎంచుట ప్రేమకు లోటే. ఫిలేమోనునకు పౌలు వ్రాసిన పత్రిక ఆయన చేతిలో ఉన్నను, ఈ విషయమందు దానిని పూర్తిగా చదువలేకపోయెను. కులమును బట్టి వేరు పంక్తులు ఎరిగిన మన సంఘములు ఆయనను తొందరపడి నిందింపకూడదు. తమ్మును తాము పరీక్షించుకొనవలెను.

జాన్ వెస్లీ 1738లో మొరేవియనుల వలన ఎంతో మేలు పొంది, హెర్న్‌హూట్‌ను చూచి సంతోషించెను. తరువాత వారిమధ్య బోధ విషయమై భేదము పుట్టెను. 1741 సెప్టెంబరులో లండనులో ఒక తోటలో జింజెండార్ఫ్, వెస్లీ కలిసి మాటలాడిరి గాని ఏకాభిప్రాయము కలుగలేదు. ఇద్దరును దేవుని సేవకులే; ఇద్దరును తమ తమ దారిన పోయిరి. తాను పెరిగిన హాలెవారితో కూడ ఆయనకు తగవు ఏర్పడి బ్రదికియుండగా తీరలేదు. 1760లో మొరేవియన్ సహోదరులు తరంగంబాడికి వచ్చినప్పుడు హాలె మిషనరీలు వారిని ఆదరించలేదు. జర్మనీలో పడిన గండి మన తీరమువరకు పారెను. పెద్దల తగవును పిల్లలు మోయుదురనుటకు ఇది సాక్ష్యము.

అన్నిటికంటె ఆయన హృదయమును కోసినది కుమారుని సంగతి. క్రిస్టియన్ రెనాటస్ ఆ 1727వ సంవత్సరము సెప్టెంబరులోనే పుట్టినవాడు. యౌవనమందు హెర్న్‌హాగ్ అను స్థలములో యౌవనస్థులకు నాయకుడై, క్రీస్తు గాయములను గూర్చిన భక్తిని మితిమీరిన ఆటపాటలలోనికి దింపెను. అక్కడివారి వింత మాటలకు, చేష్టలకు సంఘమంతటికి అపకీర్తి కలిగెను. ఆ పోకడకు బీజము జింజెండార్ఫ్ స్వంత మాటలలోనే ఉండెను. 1749లో ఆయన సంఘములకు గద్దింపు పత్రిక వ్రాసి, కుమారుని పనినుండి తొలగించి లండనులో తన యొద్దకు పిలిపించుకొనెను. తన బిడ్డయని కప్పిపుచ్చలేదు, తన పేరు చెడెనని పారవేయలేదు. పనినుండి తీసివేసెను గాని తండ్రి బల్లనుండి తీసివేయలేదు. ఆ యౌవనుడు పశ్చాత్తాపముతో తండ్రి ప్రక్కనే పనిచేసి, 1752 మేలో 24వ యేట క్షయరోగముతో ప్రభువునందు నిద్రించెను.

ఎర్డ్‌మూతె అమ్మగారి పేరు ఇక్కడ చెప్పకుండుట తగదు. భర్త దేశములు తిరుగుచుండగా భూములను, అప్పులను, అతిథులను చూచుకొన్నది ఆమెయే. పండ్రెండుమంది బిడ్డలను కని, వారిలో ఎక్కువమందిని చిన్నతనమందే మట్టికి అప్పగించెను. 1756లో ఆమె మరణించెను. జింజెండార్ఫ్ 1760 మే 9న హెర్న్‌హూట్‌లో కన్నుమూసెను. ఊరి కొండమీది సమాధి తోటలో, ఆయన ఆశ్రయమిచ్చిన వలసజనుల సమాధుల మధ్యనే ఆయనను పాతిపెట్టిరి.

మన సంగతి

ఈ జీవితమును చదువుచుండగా మా మనస్సాక్షి మమ్మును గద్దించెను. మా సంఘపు పుస్తకములో ఒక పేరునకు ఎదుట మేమే గీత గీసితిమి. ఆ సహోదరుడు త్రాగుడులో పడెను. పెద్దలు కూడి తీర్మానించిరి, మేము సంతకము చేసితిమి. క్రమము ప్రకారము అది సరియే. కాని గీత గీయుటకు ముందు అతని ఇంటికి ఎన్నిసార్లు పోతిమి? ఒక్కసారి. అదియు వాకిట నిలువబడి మాటలాడి వచ్చితిమి. గీసిన తరువాత ఎన్నిసార్లు పోతిమి? చెప్పుటకు సిగ్గగుచున్నది. కొరింథు సంఘము తప్పు చేసినవానిని వెలివేసిన తరువాత, అతడు అధిక దుఃఖములో మునిగిపోకుండునట్లు అతనిని మరల చేర్చుకొనుడని పౌలు రెండవ పత్రికలో వేడుకొనెను. మేము మొదటి పత్రికతో ఆగిపోతిమి.

ఈ వ్యాసమును వ్రాయుట ఆపి, నిన్న సాయంకాలము మేము ఆ ఇంటికి పోతిమి. అతడు మంచము వాల్చి కూర్చుండమనెను. ఎక్కువ మాటలు జరుగలేదు. అతని భార్య మజ్జిగ తెచ్చి ఇచ్చెను. తిరిగి వచ్చునప్పుడు వీధి మలుపువరకు అతడు మాతో కూడ నడచి వచ్చెను. అతడు ఆదివారము వచ్చునో రాడో మేము ఎరుగము. మరల వచ్చే వారము పోవుదుము.

మీ గ్రామములలోను అట్టి ఇల్లు ఒకటి ఉండక మానదు. గట్టు సరిహద్దు మీదనో, పెండ్లి సంబంధము మీదనో, సంఘపు లెక్కల మీదనో మాట తెగిన ఇల్లు. వచ్చే ప్రభు భోజనపు ఆదివారమునకు ముందు ఆ ఇంటికి పొండి. ఒంటరిగా పొండి. వాదము తీసికొని పోవద్దు. ముందు వినుడి. మీ తప్పు రవ్వంతయున్నను దానిని మొదట ఒప్పుకొనుడి. అతడు తిరిగి వచ్చినయెడల వెనుక బెంచీ చూపక మీ ప్రక్కను కూర్చుండబెట్టుకొనుడి. రానియెడల జింజెండార్ఫ్ వలె మరల పొండి.

ప్రార్థన: తప్పిపోయిన గొఱ్ఱెను భుజముల మీద మోసిన మంచి కాపరీ, మమ్మును ఎన్నిమారులు వెదకి తెచ్చితివో మాకు జ్ఞాపకము చేయుము. మా సహోదరుని గడప తొక్కుటకు మా కాళ్లకు బలము నిమ్ము. మా గర్వమును విరిచి, చినిగిన వలను మా చేతులతో బాగుచేయించుము. ఆమేన్.